మా ముంగిటి పచ్చిక

మా యింటి ముంగిట 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు గల ఖాళీస్థలము కలదు. హోసూరు వంటి పెరుగుచున్న పట్టణమున ఇంటి ముందర ఇంత నేల మిగులుట ఈ దినములలో అరుదు. 2022వ సంవత్సరము మాఘమాసమున మేము గృహప్రవేశము చేసితిమి. ఇల్లు కట్టిన మేస్త్రి సెలవు తీసికొనుచు ముంగిలిని చదును చేయించి, పైన ఎఱ్ఱమన్ను పఱపించి, "ఇంక మీ ఇష్టమొచ్చిన చెట్టు పెట్టుకోండి" అని చెప్పి పోయెను. మేము చెట్టు పెట్టలేదు, పచ్చిక పెట్టదలచితిమి.

పచ్చిక ఏల యని చుట్టములు కొందఱు అడిగిరి. కూరపాదులైనచో వంటకు వచ్చును, పూలమొక్కలైనచో పూజకు వచ్చును, పసరము లేని యింట గడ్డి యెవరికని వారి వాదము. మా కారణము వేఱు. శనివారము సాయంకాలము మా బడిపిల్లలు పదిమందియో పన్నిద్దఱో మా యింటికి వచ్చుచుందురు. పద్యములు వల్లె వేయుదురు. కథలు చదివి వినిపింతురు. వారి యిండ్లు ఇఱుకు. వీధిలో తమిళము, సంతలో తమిళమును కన్నడమును కలిసిన మాట. తెలుగు పుస్తకము బిగ్గఱగా చదువుకొనుటకు బడి దాటిన పిమ్మట వారికి వేఱు చోటు లేదు. మా సిమెంటు అరుగు వేసవిలో కాలును, మార్గశిరమున జిల్లుమనును. పచ్చికపై కూర్చుండి చదివిన పద్యము నోటికి త్వరగా వచ్చునని మా నమ్మకము. దీనికి ప్రమాణము చూపుమన్నచో చూపలేము.

ఆ యేటి జూన్ మాసమున మొక్కల అంగడి నుండి కొరియా గడ్డి పలకలు తెప్పించి పఱచితిమి. ఒక్కొక్క పలక అడుగు చదరము. అడుగున అంగుళము మందమున బంకమన్ను అంటియుండును. 2022లో మా ప్రాంతమున వానలు మెండు. పండుగలు గడచువఱకు ముంగిలి పచ్చని తివాచి వలె నుండెను. వీధిన పోవువారు నిలిచి చూచెడివారు. మాకును కొంత గర్వము కలిగినదని ఒప్పుకొనక తప్పదు.

2023 జనవరిలో ఒక మూల పసుపు రంగు తిరిగెను. ఫిబ్రవరికి నడుమ కూడ పాలిపోయెను. నీరు చాలలేదేమో యని దినమునకు రెండు పూటల తడిపితిమి. పైన తడి నిలిచి పాకుడు పట్టినది కాని గడ్డి తేఱలేదు. అంగడివాడు యూరియా చల్లుమనెను. చల్లితిమి. పది దినములు కన్నుల పండువుగా పచ్చబడి, అటుపిమ్మట మునుపటికంటె హీనముగా పసుపెక్కెను. యూరియా గింజలు కుప్పగా పడిన చోట్ల మాడి గుండ్రని మచ్చలు తేలెను. యూరియాలో నూటికి 46 వంతులు నత్రజని. ఆకు పొడవుగా సాగుటకు అది చాలును గాని, నిలుచుటకు వేరు దిగని గడ్డికి ఆకు బలియుట వలన ఒరిగినదేమి?

అప్పుడు మా కంటికి దోషులుగా కనబడినవారు పిల్లలు. చదువు ముగిసిన తరువాత వారు ఆ గడ్డిపై గోలీలాడుదురు, కుప్పిగంతులు వేయుదురు. ముఖ్యముగా ఏడవ తరగతి బాలుడొకడు మడమతో గుంత చేసి గోలీల యాటకు స్థలము సిద్ధము చేయుటలో నేర్పరి. మచ్చలలో ఒకటి వాని గుంత ప్రక్కనే యుండెను. ఒక శనివారము అందఱి యెదుట వానిని గట్టిగా మందలించితిమి. "పచ్చగా నున్నది చూడలేవా?" అంటిమి. వాడు బదులు చెప్పలేదు. గోలీలు జేబులో వేసికొని పోయెను. తరువాతి శనివారము రాలేదు. ఆ తరువాతను రాలేదు. బడిలో మా తరగతికి వచ్చుచునే యుండెను గాని పద్యము చెప్పుమన్న రానట్లు నిలుచుండెను. వానికి ఆ పద్యము వచ్చునని మాకు తెలియును.

నాలుగు వారములు గడచిన పిమ్మట వాని తాత మా యింటికి వచ్చెను. ఊరి వెలుపల రెండెకరముల సేద్యము చేయు పెద్దమనిషి. "పిల్లోడు ఏం తప్పు జేసినాడు అయ్యవారూ?" అని నిలుచుండియే అడిగెను. గడ్డిని చూపితిమి. ఆయన క్రిందికి వంగి మచ్చను వ్రేలితో గీరి చూచి, గడ్డపార యున్నదా యని అడిగి తీసికొని, బలముగా ఒక పోటు వేసెను. గడ్డపార ఖణేలుమని మ్రోగి వెనుకకు ఎగిరెను. మఱొక చోట పొడిచెను. అదే మ్రోత. పై పెళ్ళను లేపి చూడగా మూడంగుళముల ఎఱ్ఱమన్ను క్రింద బూడిదరంగు పొర. ఇటుక పెంకులు, గట్టిపడిన సిమెంటు ముద్దలు, సున్నపు పెళ్ళలు, చినిగిన గోనెసంచి, ఇనుప తీగ ముక్కలు. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన దంతయు అచ్చటనే పఱచి, పైన ఎఱ్ఱమన్నుతో కప్పి యుండిరి.

"ఇది మన్ను గాదు సామీ, గోడ పడుకోనుండాది" అనెను ఆ పెద్దాయన.

గడ్డి వేరులను చూచితిమి. రెండంగుళములు దిగి, ఆ పైన దారిలేక పక్కలకు మళ్ళి, చాప వలె అల్లుకొని యుండెను. గోలీల గుంతకు దానితో సంబంధము లేదు. మరునాడు బడిలో ఆ బాలుని పిలిచి, అందఱి యెదుట మందలించితిమి గనుక అందఱి యెదుటనే, తప్పు మాదని చెప్పితిమి. వాడు తల వంచుకొని నిలుచుండెను. ఉపాధ్యాయుడు తప్పు ఒప్పుకొనునప్పుడు విద్యార్థి యేమి చేయవలెనో ఏ వాచకములోను వ్రాసి యుండలేదు పాపము.

ఇక నేల సంగతి. పొరుగు రాష్ట్రమున మేము శిక్షణ పొందునాడు బడితోట పెంపకము గూర్చి కొన్ని పాఠములు వింటిమి. పరీక్షలో వ్రాసితిమి కూడ. చేతితో మన్ను తాకిన జ్ఞాపకము లేదు. ఈసారి పిల్లలతో కూడి మొదటినుండి నేర్చుకొంటిమి.

మొట్టమొదట చేయవలసినది పరీక్ష. మట్టి నమూనా తీయుటకు ఒక పద్ధతి కలదు. ముంగిట ఎనిమిది చోట్ల గడ్డి తొలగించి, ఆంగ్లాక్షరము 'వి' ఆకారమున జానెడు లోతు గుంట తీసి, గుంట ప్రక్కనుండి పలుచగా మన్ను గీకి, అన్నియు కలిపి, నాలుగు భాగములు చేసి, ఎదురెదురు భాగములు రెండు పాఱవైచి, మిగిలిన దానిని మరల అట్లే చేయుచు అరకిలో మిగులువఱకు తగ్గించి, నీడను ఆరబెట్టి, మట్టి పరీక్షాకేంద్రమునకు పంపవలెను. ఉదజని సూచిక 8.6 అనియు, సేంద్రియ కర్బనము నూటికి 0.28 అనియు ఫలితము వచ్చెను. ఉదజని సూచిక 7 ఉన్నచో పులుపును క్షారమును గాని మధ్యస్థితి. అంతకు మించిన కొలది క్షారము హెచ్చు. సిమెంటు, సున్నము చేసిన పని యిది. సేంద్రియ కర్బనము 0.5కు తక్కువైనచో పేదనేల యనియు, 0.75కు మించినచో సారవంతమైనదనియు మన దేశమున లెక్క.

ఇచ్చట ఒక వింత చెప్పవలెను. మన హోసూరు మన్ను ఎఱ్ఱగా నుండుటకు కారణము ఇనుమే. రాతిలోని ఇనుము ప్రాణవాయువుతో కలిసి తుప్పై మట్టికి రంగు పట్టినది. అట్టి నేలలో మొలచిన గడ్డి ఇనుము లేక పాలిపోయెను! ఏలయన క్షారము హెచ్చిన నేలలో ఇనుము నీట కరగదు; కరగనిది వేరునకు అందదు. గాదె నిండ ధాన్యముండి తాళపుచెవి పోయినట్లు. అట్టి నేలపై ఎంత యూరియా చల్లినను ఏమి లాభము? ఇది వ్రాయుచుండగా మా తరగతిలోని కొందఱు పిల్లలు జ్ఞప్తికి వచ్చుచున్నారు. ఇంట అవ్వతో గలగల మాటాడు బాలుడు, పుస్తకము తెఱవగానే మూగవాడగును. వానికి మాటలు లేవని తలచి ఎన్ని మారులు పై నుండి కుమ్మరించితిమో!

పిల్లలతో మఱి రెండు పరీక్షలు చేసితిమి. ఇవి ఎవరైనను ఇంట చేసికొనవచ్చును. ఒకటి, గాజుసీసాలో మూడవవంతు మట్టి వేసి, నీరు నింపి, బాగుగ కుదిపి కదల్చక యుంచుట. ఇసుక నిమిషములో అడుగంటును; ఒండ్రు గంటలలో దిగును; బంకమన్ను మఱునాటికి గాని తేఱదు. మా సీసాలో ముప్పాతిక వంతు ఇసుకయే. రెండవది, అడుగు లోతు గుంట త్రవ్వి నీరు నింపి, అది ఇంకిన పిదప మరల నింపి, ఎంత సేపటికి ఇంకునో చూచుట. ఇసుక నేల యైనచో త్వరగా ఇంకవలెను గదా! సాయంకాలము నింపిన నీరు మరునాటి ప్రొద్దుటికిని నిలిచియుండెను. లాఱీలు తిరిగి నేల గట్టిపడినదనుటకు వేఱు సాక్ష్యమక్కఱలేదు.

2023 ఏప్రిల్ నెలలో ఇద్దఱు కూలీలతో అడుగు లోతు త్రవ్వించి, జల్లెడ పట్టించి, పెంకులను సిమెంటు ముద్దలను ఏఱి వేయించితిమి. రెండు ట్రాక్టరు తొట్లు నిండినవి. మిగిలిన మన్ను పల్లమైనది. దానిని నింపుటకు ఆ తాత తన పొలమునకై అనుమతి పొంది తోలించుకొనిన చెరువు మట్టిలో ఒక తొట్టి మాకు పంపెను. ఇసుక నేలకు చెరువు మట్టి మంచిది, నీరు పట్టియుంచును. ఊరి మురుగును కర్మాగారముల నీరును చేరు చెరువు మట్టిని మాత్రము తేకూడదు. మన ప్రాంతమున ఈ జాగ్రత్త అవసరము. ఆ మట్టితో పాటు తుంగగడ్డలును వచ్చినవి. రెండేండ్లుగా వాటిని పీకుచునే యున్నాము. ఆ మాట తాతతో అన్నచో నవ్వి, "దానము ఇచ్చిన ఆవుకు పండ్లు లెక్కబెట్టేదా అయ్యవారూ" అనును.

పచ్చి పేడ తెచ్చి వేయదలచితిమి. ఆయనయే ఆపెను. పచ్చి పేడ నేలలో వేడి పుట్టించును, వేరుపురుగును తెచ్చును, కలుపు విత్తులు అందులో ప్రాణముతో నుండును. బాగుగ మాగిన ఎరువే మేలు. ఒకటిన్నర అంగుళమో రెండంగుళములో కాదు, కనీసము ఒక అంగుళమైనను ఎరువు పఱచి పై జానెడు మన్నులో కలుపవలెనని నిశ్చయించితిమి. ఎంత కావలెనో లెక్క కట్టుమని ఎనిమిదవ తరగతి పిల్లలకిచ్చితిమి. 600 చదరపుటడుగుల నేలకు అంగుళము మందమున 50 ఘనపుటడుగులు. అంత ఎరువు కొనుట భారమే.

మా బడి ఆవరణమున కానుగ చెట్లు కలవు. ఆకులు రాలు కాలమున ఊడ్చి కుప్పవేసి కాల్చుట ఆచారము. ప్రధానోపాధ్యాయుల అనుమతితో ఆ యాకులను కాల్పనీయక బడి వెనుక గుంటలో వేయుట మొదలిడితిమి. ఆకు ఒక పొర, పేడనీళ్ళు చల్లి, పిడికెడు మన్ను, మరల ఆకు. కొన్ని వారములకొకసారి తిరుగవేయుట. ఆల్బర్టు హోవర్డు దొర 1924 నుండి 1931 వఱకు ఇందూరు నగరమున పనిచేసి లోకమునకు తెలిపిన పద్ధతికి ఇది చిన్న రూపము. వ్యవసాయము నేర్పుటకు మన దేశము వచ్చిన ఆయన ఇచ్చటి రైతులనే తన గురువులుగా నెంచెను. మేము పుస్తకములో చదివినది మా బడికి కూతవేటు దూరమున పెంటదిబ్బల రూపమున నెపుడో యున్నది.

ఎరువు మాగువఱకు నేలను బోడిగా ఉంచరాదు గనుక, జూన్ తొలి జల్లులకు పావుకిలో జనుము విత్తనము చల్లితిమి. ఇంటి ముందర జనుపచేను చూచి ఇరుగుపొరుగువారు విడ్డూరపడిరి. ఎడమ ఇంటివారు "సణప్పా?" అనిరి, ఎదురింటివారు "సెణబా?" అనిరి. ఒక్క మొక్కకు మూడు పేర్లు, మూడును అక్కచెల్లెండ్రు. మన్ను కూడ అంతే గదా, తమిళులకు మణ్, కన్నడిగులకు మణ్ణు. పిల్లలు ఆ శనివారము పద్యము మాని ఇట్టి మాటలు ఏఱుటలోనే ప్రొద్దు పుచ్చిరి.

నలువదియైదు దినములకు జనుము నడుమెత్తు పెరిగి మొగ్గ తొడిగెను. ఒక మొక్కను మెల్లగా పెకలించి వేరులు కడిగి చూపితిమి. ఆవగింజలంత, కొన్ని జొన్నగింజలంత బుడిపెలు. గోటితో చిదిపిన లోపల గులాబి రంగు. వాటిలో నివసించు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇచ్చును. మొక్క వాటికి చక్కెర నిచ్చును. అంగడిలో సంచికి ధర పెట్టి కొనిన నత్రజని, ఇచ్చట ఊరక వచ్చుచున్నది. పువ్వు విప్పకముందే కోసి, ముక్కలు చేసి, తడిమీద నేలలో కలియబెట్టితిమి. ముదిరినచో నార కట్టి త్వరగా కుళ్ళదు. కలుపు నాడు గడ్డపార పట్టినవాడు మన గోలీల బాలుడే. ఎప్పుడు తిరిగి వచ్చెనో సరిగా చెప్పలేము. ఒక శనివారము తాత తొట్టి వెంట వచ్చి, మట్టి దించి, పోక నిలిచిపోయెను, అంతే.

ఈసారి కొరియా గడ్డి జోలికి పోలేదు. అక్టోబరులో తాత పొలము గట్ల నుండి గరిక తెచ్చి, కణుపు కణుపుగా త్రుంచి, జానెడు ఎడముగా నాటితిమి. కాసు ఖర్చు లేదు. వినాయకచవితి నాడు పత్రిలో వెదకి తెచ్చుకొను గరిక, తక్కిన దినములలో రైతు దృష్టికి కలుపు! ముంగిటి పచ్చికకు దానిని మించినది మా ప్రాంతమున లేదని మా యభిప్రాయము. నడక కోర్చును, ఎండ కోర్చును; నీడకు మాత్రము ఓర్వదు.

దాని ఓర్పు 2024 వేసవిలో పరీక్షకు నిలిచెను. ముందటి యేడు వానలు తప్పినవి. మాకు నలువది కిలోమీటర్ల దూరముననున్న బెంగుళూరిలో మార్చి మాసమున త్రాగునీటికి జనులు బారులు తీరుట పత్రికలలో చూచియుందురు. మా బోరుబావి కూడ అరగంటకే గాలి కక్కెను. మనుష్యులకు నీరు కరవైనప్పుడు గడ్డికి నీరు పోయుట న్యాయము కాదు. బియ్యము కడుగు, కూరలు కడిగిన నీళ్ళు మాత్రము పది దినములకొక ప్రక్క చొప్పున పోసితిమి. ఏప్రిల్ చివరికి ముంగిలి అంతయు ఎండుగడ్డి రంగు. "మళ్ళీ పోయినది" అని చుట్టములు ఓదార్చిరి. మాకును దిగులు కలిగెను. పిల్లల కష్టము అందులో నుండెను. మే మాసమున వాన పడెను. వారము తిరుగకమునుపే కణుపు కణుపున పచ్చని సూదులు లేచెను. ఒక చోట త్రవ్వి చూడగా వేరు అడుగు దాటి దిగియుండెను.

త్రవ్విన పెళ్ళలో ఎఱ్ఱలు కనబడెను. మొదట గడ్డపార మ్రోగిన నాడు ఒక్కటియు లేదు. చార్లెసు డార్విను తన కడపటి దినములలో, 1881లో, ఎఱ్ఱల గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. ఆంగ్లదేశమున చాల చోట్ల ఎకరమునకు ఏటేట పది టన్నులకు మించిన మన్ను వాటి దేహముల గుండ పోవునని ఆయన లెక్క. మా 600 అడుగులలో అవి యెంత పని చేయునో లెక్క కట్టుమంటిమి. పిల్లలు 130 కిలోలకు పైబడునని తేల్చిరి. మా కూలీలకంటె చౌక.

ఇప్పుడు చేయుచున్నది కొంచెమే. గడ్డి పెరిగినప్పుడు మూడవవంతుకు మించి కోయము. కోసిన తునుకలను అచ్చటనే రాలనిత్తుము. వానకాలము ముందర ఇనుప ముండ్లతో నాలుగంగుళములు గ్రుచ్చి, మెత్తని ఎరువు పావు అంగుళము చల్లి చీపురుతో సర్దుదుము. నీరు అరుదుగా, కాని లోతుగా పట్టునట్లు పెట్టుదుము. దినదినము పైపైన చిలుకరించినచో వేరు పైననే తిరుగును. యూరియా సంచి కొట్టములో అట్లే యున్నది. 2025లో మరల పరీక్ష చేయించితిమి. సేంద్రియ కర్బనము 0.61. ఉదజని సూచిక 8.0; సున్నపు పొడి అంత సులభముగా పోవునది కాదు. అడుగు గుంటలో రెండవసారి పోసిన నీరు రెండు గంటలలోపల ఇంకినది.

ఈశాన్యమూల పొరుగువారి పనసచెట్టు నీడ పడును. అచ్చట గరిక పట్టలేదు. రెండుమార్లు నాటితిమి, రెండుమార్లును పోయినది. ఇంకొకసారి నాటుదమా యని పిల్లలను అడిగితిమి. వలదనిరి. ఆ జాగాలో ఇప్పుడు మూడు గోలీల గుంతలున్నవి.